యాన్సెన్ అనే ఇంటిపేరు ఎక్కడిది? డచ్, జర్మన్ ఇంటిపేరు పుట్టుక, విస్తరణ తెలుసుకోవడం ఎలా?

కొవిడ్ టీకాల రోజుల్లో ‘జాన్సెన్ వ్యాక్సిన్’ అనే మాట మనలో చాలామంది విన్నాం. ఆ పేరు బెల్జియంలోని టర్న్‌హౌట్‌లో 1926లో పుట్టిన పాల్ యాన్సెన్ అనే డాక్టరుది. ఆయన 1953లో మందుల కంపెనీ మొదలుపెట్టారు. అంతకు చాలా ముందే, 1868 ఆగస్టు 18న, అదే ఇంటిపేరున్న ఒక ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త మన గుంటూరులో నిలబడి సంపూర్ణ సూర్యగ్రహణం చూశారు. ఆయన పేరు పియెర్ జూల్స్ జాన్సెన్. జర్మనీలోని గోఖ్ అనే చిన్న పట్నంలో 1837లో పుట్టి, 2003లో కాథలిక్ చర్చి పునీతుడిగా ప్రకటించిన ఆర్నాల్డ్ యాన్సెన్‌ది కూడా ఇదే ఇంటిపేరు. మూడు దేశాలు, ముగ్గురు మనుషులు, అక్షరం తేడా లేకుండా ఒకటే పేరు.

అంతమాత్రాన వీళ్లు ముగ్గురూ ఒకే వంశం వాళ్లని అనుకోకండి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నెదర్లాండ్స్‌లో, జర్మనీలో మన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. అక్కడి వాళ్లతో పెళ్లిళ్లు అవుతున్నాయి, పిల్లలు బడిలో ‘మన కుటుంబ వృక్షం’ ప్రాజెక్టులు చేస్తున్నారు. అలాంటి ఒక పేరు మూలం వెతకాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ పొరపడే అవకాశం ఉందో యాన్సెన్ పేరునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. నేను నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో ఉన్నప్పుడు మా ఒక్క వీధిలోనే మూడు గుమ్మాల మీద ఈ పేరు కనిపించేది. మా పక్కింటి పెద్దావిడ కోసం ఈ వెతుకులాట మొదలుపెట్టాను, తర్వాత దాన్ని వదల్లేకపోయాను.

ముందు పేరును ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

మనకు ఇంగ్లిష్ అలవాటు కాబట్టి ‘జె’ అక్షరం కనబడగానే ‘జాన్సన్’ అనేస్తాం. డచ్‌లోనూ జర్మన్‌లోనూ ఆ అక్షరం ‘య’ పలుకుతుంది. కాబట్టి అది యాన్సెన్. ఫ్రాన్సులో, అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మాత్రం అక్కడి పలుకుబడికి మారిపోయాయి. అందుకే గుంటూరుకు వచ్చినాయన మనకు జాన్సెన్ అయ్యారు.

తర్వాత స్పెల్లింగ్ చూడండి. మధ్యలో ‘ఎస్’ ఒకటుందా, రెండున్నాయా? చివర ఇంకో ‘ఎస్’ ఉందా? ‘ఎస్’ బదులు ‘జెడ్’ ఉందా? జర్మన్ పేరైతే రెండు ఎస్‌ల బదులు ‘ఎస్‌ట్సెట్’ అనే ఒక్క అక్షరం ఉందా? ఈ చిన్న తేడాలే తర్వాత మీకు దారి చూపిస్తాయి, కాబట్టి ఇవి అచ్చు తప్పులని అనుకుని సరిదిద్దేయకండి. పాస్‌పోర్టులో, పుట్టిన సర్టిఫికెట్‌లో, సమాధి రాయి మీద ఎలా ఉందో మూడూ వేర్వేరుగా రాసుకోండి. తెలుగులో రాస్తే అన్నీ యాన్సెన్ అనే అవుతాయి కాబట్టి, ఈ వ్యాసంలో ‘ఒంటి ఎస్ యాన్సెన్’, ‘జంట ఎస్ యాన్సెన్’ అని విడదీసి చెబుతాను.

పేరును విరిచి చూడండి

ఈ పేరులో మొదటి భాగం యాన్. అది యోహానెస్ అనే పేరుకు పొట్టి రూపం. మన తెలుగు బైబిల్లో యోహాను అన్నది ఆ పేరునే. ‘యెహోవా దయ చూపాడు’ అని దాని హీబ్రూ అర్థం. బాప్తిస్మమిచ్చు యోహాను మీద భక్తి వల్ల మధ్యయుగాల యూరప్‌లో మగపిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా పెట్టిన పేర్లలో ఇదొకటి. ఇక ‘సెన్’ అన్నది ‘జోన్’, అంటే కొడుకు, అనే మాట అరిగి మిగిలిన ముక్క. యాన్స్‌జోన్ అంటే యాన్ కొడుకు. గుమాస్తాలు దాన్ని కుదించి ‘యాన్స్‌జ్’ అని రాసి పక్కన చుక్క పెట్టేవాళ్లు. నోట్లో నానీ నానీ అది యాన్సెన్ అయింది. కూతురైతే యాన్స్‌డోఖ్టర్. పాత పుస్తకాల్లో అన్న పేరు చివర ఒక రకంగా, చెల్లెలి పేరు చివర ఇంకో రకంగా కనిపిస్తే కంగారు పడకండి, ఇద్దరూ ఒకే యాన్ పిల్లలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇది మన ఇంటిపేరు లాంటిది కాదు. మొదట్లో ఇది తండ్రి పేరు, అంతే. తరం మారితే పేరు కూడా మారిపోయేది. యాన్ కొడుకు హెండ్రిక్ అయితే అతను హెండ్రిక్ యాన్సెన్. హెండ్రిక్ తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకుంటాడు. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లకూ ఆచారమే. ఆ పిల్లవాడు యాన్ హెండ్రిక్స్ అవుతాడు. వాడి కొడుకు మళ్లీ హెండ్రిక్ యాన్సెన్. రికార్డుల్లో ఇద్దరు హెండ్రిక్ యాన్సెన్‌లు కనిపిస్తే వాళ్లు తాతా మనవళ్లు కావచ్చు, అసలు ఏ సంబంధమూ లేనివాళ్లూ కావచ్చు.

1642లో టాస్మానియా తీరం చేరిన నావికుడి పూర్తి పేరు ఏబెల్ యాన్స్‌జోన్ టాస్మాన్. 1606లో ఆస్ట్రేలియా గడ్డ మీద కాలుపెట్టిన డచ్ నావికుడు విల్లెమ్ యాన్స్‌జోన్. వీళ్లకు అది ఇంటిపేరు కాదు. ‘మా నాన్న పేరు యాన్’ అని చెప్పడం మాత్రమే. ఫ్రాన్సు చర్చిని శతాబ్దం పైగా కుదిపిన యాన్సెనిజం అనే మతవాదానికి పేరు వచ్చిన కొర్నేలియుస్ యాన్సెన్ (1585–1638) విషయమూ అంతే, ఆయన తండ్రి పేరు యాన్. కాబట్టి ‘మా వంశంలో ఫలానా నావికుడున్నాడు’ అని ఎవరైనా పేరొక్కటే చూపించి చెబితే నమ్మకండి.

అది ఇంటిపేరుగా ఎప్పుడు స్థిరపడిందో తేల్చుకోండి

మొత్తం వెతుకులాటలో ముఖ్యమైన ఘట్టం ఇది. నెపోలియన్ 1810లో నెదర్లాండ్స్‌ను ఫ్రాన్సులో కలిపేసుకున్నాడు. 1811లో జనన మరణ వివాహాల సర్కారీ రిజిస్టర్లు దేశమంతటా మొదలయ్యాయి. లింబర్గ్ వంటి దక్షిణ ప్రాంతాల్లో 1796 నుంచే ఉన్నాయి. 1811 ఆగస్టు 18 నాటి ఆజ్ఞతో, ఇంటిపేరు లేని ప్రతి కుటుంబమూ ఒక స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా తరానికోసారి మారుతూ వచ్చిన ‘యాన్ కొడుకు’ అనే మాట, ఆ రోజు ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత పుట్టినవాడి తండ్రి పేరు పీటర్ అయినా సరే, వాడు యాన్సెనే.

దీని గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. డచ్ జనం నెపోలియన్‌ను వెక్కిరించడానికి కావాలని పిచ్చి పేర్లు పెట్టుకున్నారని, ‘నాక్ట్‌ఖెబోరెన్’, అంటే ‘దిగంబరంగా పుట్టినవాడు’, అలా వచ్చిందే అని చెబుతారు. అది నిజం కాదు. ఆ పేరు నెపోలియన్ కంటే ముందు నుంచే ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చి ఉండవచ్చని పరిశోధకులు చెబుతారు. అసలు 1811 నాటికే చాలా కుటుంబాలకు ఇంటిపేర్లు స్థిరపడి ఉన్నాయి.

జర్మనీ వైపు ఒక్కో ప్రాంతానిది ఒక్కో కథ. నెదర్లాండ్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న రైన్ నది దిగువ ప్రాంతంలో ఇంటిపేర్లు ముందే స్థిరపడ్డాయి. ఉత్తర సముద్రం ఒడ్డునున్న తూర్పు ఫ్రీజియాలో మాత్రం జనం తండ్రి పేరు పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు. 1811 ఆజ్ఞ అక్కడా వర్తించింది, అయినా పాత అలవాటు పోలేదు. తర్వాత హానోవర్ రాజ్యం మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. అందుకే అక్కడ ఈరోజుకీ యాన్సెన్, హార్మ్స్, గెర్డెస్, హిన్రిఖ్స్ వంటి తండ్రి పేర్లే ఇంటిపేర్లుగా కిక్కిరిసి ఉంటాయి. ఇంకా పైకి, డెన్మార్క్ పక్కనున్న ష్లెస్విగ్‌లో 1771లోనే స్థిరమైన పేర్లు పెట్టుకోమన్నారు. అక్కడ యోహానెస్ కొడుకులు యెన్సెన్, హాన్సెన్ అయ్యారు. అర్థం ఒకటే, కానీ ఊరు వేరు.

అక్షరాల తేడాను మ్యాపు మీద పెట్టండి

ఇప్పుడు మొదట రాసుకున్న స్పెల్లింగ్ బయటికి తీయండి. ఒంటి ఎస్ యాన్సెన్ నెదర్లాండ్స్ అంతటా కనిపిస్తుంది. జంట ఎస్ యాన్సెన్ దట్టంగా ఉండేది లింబర్గ్‌లో, ఉత్తర బ్రబాంట్ తూర్పు భాగంలో, గెల్డర్‌లాండ్ దక్షిణాన. సరిహద్దు దాటితే క్లేవ, వేజెల్, ఫీర్జెన్ చుట్టుపక్కల జర్మన్ ఊళ్లలోనూ అదే. ఆ పేరుకు దేశ సరిహద్దుతో పనిలేదు. సరిహద్దు తర్వాత గీశారు, జనం అంతకుముందు నుంచే అటూ ఇటూ ఉన్నారు. ఆర్నాల్డ్ యాన్సెన్ పుట్టిన గోఖ్ జర్మనీలో ఉంది. బిస్మార్క్ ప్రభుత్వం కాథలిక్ సంస్థలను అణచివేస్తున్నప్పుడు ఆయన 1875లో తన మిషనరీ సభను మొదలుపెట్టిన స్టెయిల్ మాత్రం నెదర్లాండ్స్‌లోని లింబర్గ్‌లో ఉంది. ఆయన దాటింది రాజ్యం సరిహద్దే. భాషా యాసా దాదాపు మారలేదు.

చివర ‘ఎన్’ లేకుండా యాన్సె అని ఉంటే నైరుతి మూలనున్న జీలాండ్ వైపు చూడండి. చివర అదనంగా ఎస్ చేరి యాన్సెన్స్ అయితే బెల్జియంలోని ఫ్లాండర్స్. బెల్జియంలో పీటర్స్ తర్వాత ఎక్కువగా వినిపించే ఇంటిపేరు ఇదే. యాన్స్‌మా అయితే ఫ్రీస్‌లాండ్. ఎస్‌ట్సెట్ అక్షరంతో ఉంటే అది జర్మన్ కుటుంబమే, డచ్‌లో ఆ అక్షరం లేదు.

జనాభా లెక్కలు ఎక్కడ చూడాలి, ఎలా చదవాలి

నెదర్లాండ్స్‌కు ఇది చాలా సులువు. డచ్ ఇంటిపేర్ల బ్యాంకు, డచ్‌లో ‘ఫామిలీనామెన్‌బాంక్’, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేరు టైపు చేస్తే 1947 జనగణన నాటి సంఖ్య, 2007 నాటి సంఖ్య, మున్సిపాలిటీల వారీ మ్యాపు వస్తాయి. 2007 లెక్కల్లో ఒంటి ఎస్ యాన్సెన్‌లు సుమారు 73,500 మంది, జంట ఎస్ వాళ్లు సుమారు 54,000 మంది. దేశంలో మొదటి స్థానం సుమారు 84,000 మందితో డి యోంగ్ అనే పేరుది. కానీ రెండు యాన్సెన్‌లనూ కలిపితే 1,27,000 దాటుతుంది, మొదటి స్థానం వాళ్లదే. ఒక్క అక్షరం రెండుగా చీల్చడం వల్లే జాబితాలో వెనకబడ్డారు. మీరు చదివిన జాబితా స్పెల్లింగ్‌లను కలిపిందో, విడదీసిందో చూసుకోకుండా ‘ఫలానా పేరు నంబర్ వన్’ అనే మాటను నమ్మవద్దని చెప్పేది ఇందుకే.

మ్యాపు చదివేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ మీద పెద్ద సంఖ్య కనిపిస్తే పేరు అక్కడిదే అనుకుంటాం. అది పెద్ద నగరం, అక్కడ అన్ని పేర్లూ ఎక్కువగానే ఉంటాయి. ఊరి జనాభాలో ఎంత శాతం అన్నది చూడండి. లింబర్గ్‌లోని ఒక చిన్న ఊళ్లో వందకు ఇద్దరు యాన్సెన్‌లు ఉంటే, వేల మందిని చూపించే నగరం కంటే మీకు ఆ ఊరే ఎక్కువ చెబుతుంది. వీలైతే 1947 మ్యాపునే ఎక్కువగా నమ్మండి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉద్యోగాల కోసం జనం బాగా చెదిరిపోయారు.

జర్మనీలో మున్సిపాలిటీల వారీగా ఇంత సులువైన లెక్క లేదు. 2005 నాటి ల్యాండ్‌లైన్ ఫోన్ల జాబితా ఆధారంగా తయారైన జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్ ఉంది. మైంజ్‌లో తయారవుతున్న డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువులో పేరు అర్థంతో పాటు మ్యాపు కూడా ఇస్తారు. ఫోన్ కనెక్షన్ ఇంటికి ఒకటి కాబట్టి అవి మనుషుల లెక్కలు కావు, విస్తరణ ఎటు ఉందో చూడటానికే వాడండి.

ఇక కుటుంబం వెనక వెళ్లండి

ఇక్కడిదాకా తెలిసింది పేరు గురించి. మీ కుటుంబం గురించి ఇంకా ఏమీ తెలియలేదు. ఇప్పుడు పేరును పక్కనపెట్టి ఊరిని పట్టుకోండి.

నేను మొదటిసారి పక్కింటావిడ ముత్తాత కోసం వెతికినప్పుడు ఊరు సరిగ్గా అడగలేదు. యాన్ యాన్సెన్, పుట్టిన సంవత్సరం సరిపోయింది, భార్య పేరు మారియా, అదీ సరిపోయింది. రెండు వారాలు వాళ్ల పిల్లలందరినీ రాసుకుంటూ పోయాను. తీరా చూస్తే ఆయన ప్రొటెస్టెంట్, ఆవిడ వాళ్లది తరతరాల కాథలిక్ కుటుంబం. రాసిందంతా పక్కన పడేయాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఇంత సాధారణమైన పేరుకు కనీసం నాలుగు వివరాలు కలిస్తేనే మనిషి దొరికినట్టు: ఊరు, మతం, వృత్తి, భార్య పుట్టింటి పేరు.

ఆ చివరిదే మీకు పెద్ద అండ. డచ్ రికార్డుల్లో ఆడవాళ్లు పెళ్లయినా, చనిపోయినా పుట్టింటి పేరుతోనే నమోదవుతారు. కాబట్టి యాన్సెన్ గారి భార్య ఇంటిపేరు కాస్త అరుదైనదైతే ఆవిడ పేరుతో వెతకండి. సముద్రంలో సూది వెతుకుతున్నట్టున్న పని ఒక్కసారిగా తేలికవుతుంది.

నెదర్లాండ్స్‌కు ‘వీ వాస్ వీ’, ‘ఓపెన్ ఆర్ఖీవెన్’ అనే సైట్లలో వెతకండి. పుట్టుక రికార్డులు 100 ఏళ్ల తర్వాత, పెళ్లివి 75 ఏళ్ల తర్వాత, మరణానివి 50 ఏళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. ముందు మరణం, దాన్నుంచి పెళ్లి, పెళ్లి నుంచి పుట్టుక, ఇలా వెనక్కి నడవండి. పెళ్లి రికార్డు దొరికినప్పుడు దాని జతపత్రాలను వదలొద్దు. డచ్‌లో వాటిని ‘హౌవెలిక్స్‌బైలాఖెన్’ అంటారు. వధూవరుల జనన పత్రాల నకళ్లు, చనిపోయిన తల్లిదండ్రుల మరణ పత్రాలు, ఒక్కోసారి తాతలవి కూడా ఆ కట్టలో ఉంటాయి. పెళ్లికొడుకు సైన్యం పత్రంలో ఎత్తు, కళ్ల రంగు, ముక్కు తీరు కూడా రాసి ఉండవచ్చు. 1811 అనే గోడను దాటి అవతలికి చూడటానికి ఇంతకంటే మంచి కిటికీ లేదు. అవతల ఇక చర్చి బాప్తిస్మ పుస్తకాలే. అక్కడ యాన్సెన్ అన్న మాటకు మళ్లీ ‘యాన్ కొడుకు’ అనే అర్థం. ఒక తరం వెనక్కి వెళ్లగానే ఇంటిపేరు మాయమైతే దారి తప్పారని టెన్షన్ పడకండి. సరైన దారిలో ఉంటేనే అలా జరుగుతుంది.

జర్మనీలో సర్కారీ రిజిస్టర్లు అక్కడి అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874లో, మిగతా దేశంలో 1876లో మొదలయ్యాయి. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన రైన్ నది పడమటి ఒడ్డున మాత్రం 1798 నుంచే ఉన్నాయి. పుట్టుక 110, పెళ్లి 80, మరణం 30 ఏళ్లకు తెరుస్తారు. అంతకుముందువి చర్చి పుస్తకాలే. కాథలిక్కులవి కొన్ని ‘మాట్రికులా’ సైట్లో ఉచితంగా, ప్రొటెస్టెంట్లవి ‘ఆర్ఖియోన్’లో డబ్బు కట్టి చూడవచ్చు. తూర్పు ఫ్రీజియాకు ఊరివారీ కుటుంబాల పుస్తకాలు చాలా ఉన్నాయి, అక్కడ వాటితోనే మొదలుపెట్టండి.

పేరు సముద్రం దాటి ఉంటే

మధ్యలో జెడ్ ఉన్న యాన్‌జెన్ కనిపిస్తే మెనోనైట్ క్రైస్తవులను గుర్తు చేసుకోండి. 16వ శతాబ్దంలో మత హింస భరించలేక నెదర్లాండ్స్ నుంచి ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది లంక భూములకు, అక్కడి నుంచి 1789 మొదలు ఇప్పటి యుక్రెయిన్‌కు, 1870లలో అమెరికా, కెనడాలకు వెళ్లినవాళ్లు వాళ్లు. ఆ దారిలో నడిచిన పేర్లలో ఫ్రీజెన్, అంటే ఫ్రీస్‌లాండ్ మనిషి, కూడా ఉంది. దక్షిణ రష్యా మెనోనైట్ల నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ 1890లో నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టారు. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లోని మెనోనైట్ బ్రదరెన్ సంఘాల పెద్దలకు హీబర్ట్, ఫోట్ వంటి మిషనరీల పేర్లు బాగా తెలుసు. మీ ఊరి చర్చి గోడమీద అలాంటి పేరుంటే దాని మూలం అమెరికాలో వెతకొద్దు, విస్తులా వైపు వెళ్లండి.

డచ్ ఈస్టిండియా కంపెనీ మనుషుల పేర్లకు దారి వేరు. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో వాళ్లు మచిలీపట్నంలో వ్యాపారం పెట్టారు. తర్వాత భీమునిపట్నం, పాలకొల్లు, జగన్నాథపురం దాకా వచ్చారు. పులికాట్‌లో కట్టిన కోటకు గెల్డర్‌లాండ్ పేరు మీదుగా గెల్డ్రియా అని పేరు పెట్టారు. ఆ కంపెనీ ఓడల్లో జర్మన్లూ చాలామంది ఉండేవాళ్లు. హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో 1700 నుంచి 1794 దాకా ఓడలెక్కిన వాళ్ల జీతాల పుస్తకాలు ఉన్నాయి, వాటిని ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. మనిషి పేరు, సొంత ఊరు, ఓడ పేరు, బయల్దేరిన తేదీ, చివరికి ఏమయ్యాడు అన్నీ రాశారు. యాన్ యాన్సెన్ అని వెతికితే తెరలు తెరలుగా వస్తారు, సొంత ఊరి గడిలో ఎమ్డెన్ అనో నైమేఖెన్ అనో పెట్టి వడకట్టండి.

మచిలీపట్నంలోనో భీమిలిలోనో డచ్ సమాధుల దగ్గరికి వెళితే ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్లండి, చెక్కిన అక్షరాలు అప్పుడే బాగా కనిపిస్తాయి. రాయి మీద సుద్ద పూయకండి, గీకకండి. పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీసుకోండి. పేరు చివర యాన్స్‌జ్, దాని పక్కన చిన్న చుక్క కనిపిస్తే అది ఇంటిపేరు కాదు, ఆ మనిషి తండ్రి పేరు. దాని కింద ‘వాన్’, అంటే ‘ఫలానా ఊరి నుంచి’, అనే మాట తర్వాత ఏదైనా ఊరి పేరు ఉందేమో చూడండి. ఉంటే, ముందు రాసుకోవాల్సింది అదే.